ముగ్గురిలో ఇద్దరుంటే చాలు

అమ్మిణీ, కోయంబత్తూరు శరవణంపట్టి ఆఫీసులో నీకు మూడు సర్వర్లు అప్పగించారనీ, వాటిలో ఎట్‌సీడీ నడుస్తుందనీ చెప్పావు. కమాండ్లు బట్టీ పట్టే ముందు దాని స్వభావం తెలుసుకో తల్లీ. మన ఇంటిపేర్లతో మొదలుపెడతాను.

మదురైలో విశ్వనాథ నాయకుడి పాలన 1529లో మొదలైంది. ఆ నాయకరాజుల కాలంలో ఎన్నో తెలుగు కుటుంబాలు మదురై, కోయంబత్తూరు సీమల్లో స్థిరపడ్డాయి. 1736లో రాజ్యం పోయింది, ఇంటిపేర్లు పోలేదు. తమిళనాట మన పేరు ముందు రాసే అక్షరం తండ్రి పేరుది. అయినా సంబంధం మాట్లాడేటప్పుడు పీలమేడులో పెద్దలు ముందు అడిగేది ఇంటిపేరే. ఏదో ఒక్క కచేరీలో రాసిపెట్టి ఉంటే ఆ కచేరీతోనే పోయేది. ఇంటింటా ఉంది గనుక నిలిచింది.

ఇప్పుడు ఒక పుస్తకం ఉందనుకో. ఇంటిపేరు చెబితే ఆ ఇంటి ఇలవేలుపు గుడి ఏ ఊళ్ళో ఉందో చెబుతుంది. ఇంటిపేరు కీ, ఊరు వాల్యూ. అదే పుస్తకం ముగ్గురు పెద్దల ఇళ్ళలో ఉంటుంది. ఎట్‌సీడీ చేసే పని ఇంతే. 2013లో కోర్‌ఓఎస్ అనే కంపెనీ వాళ్ళు తయారుచేశారు. మీ ప్రోగ్రాములను సర్వర్ల మీద నడిపించే కుబర్నెటీస్ తన సంగతులన్నీ దాచుకునేది ఇందులోనే.

మూడు నకళ్ళు పెట్టడం తేలిక, మూడూ ఒకే మాట మీద ఉండేలా చూడడం కష్టం. ఆ కష్టానికి స్టాన్‌ఫర్డ్‌లో డియెగో ఆంగరో, జాన్ ఔస్టర్‌హౌట్ 2014లో ఒక పద్ధతి ప్రకటించారు. దాని పేరు రాఫ్ట్. ముగ్గురిలో ఒకరు నాయకుడు. కొత్త మాట ఏదైనా ఆయన ద్వారానే వస్తుంది. ఆయన తన పుస్తకంలో రాసి మిగతా ఇద్దరికీ పంపుతాడు. తనతో కలిపి ఇద్దరు, అంటే మెజారిటీ, రాసుకుంటే చాలు, ఆ మాట ఖాయం. ఎట్‌సీడీలో మామూలుగా ప్రతి 100 మిల్లీసెకన్లకూ నాయకుడు తానున్నానని కబురు పంపుతాడు. సుమారు ఒక సెకను గడిచినా కబురు రాకపోతే మిగిలినవాళ్ళు కొత్త నాయకుణ్ణి ఎన్నుకుంటారు. అందరూ ఒకేసారి పోటీకి దిగకుండా ఒక్కొక్కరూ కాస్త వేర్వేరు గడువుతో ఎదురుచూస్తారు.

ముగ్గురికి మెజారిటీ ఇద్దరు, ఐదుగురికి ముగ్గురు. నలుగురికి కూడా ముగ్గురే! అంటే నాలుగో సర్వరు ఖర్చు పెంచుతుంది గానీ ధైర్యం పెంచదు. బేసి సంఖ్యలో పెట్టమనేది ఇందుకే.

రోజూ పొద్దున్నే మూడు సర్వర్ల అడ్రసులూ ఇచ్చి రెండు పనులు చెయ్యి. 'ఎట్‌సీడీసీటీఎల్ ఎండ్‌పాయింట్ హెల్త్' అనే కమాండ్ ఇస్తే ఒక్కో సర్వరు క్షేమం తెలుస్తుంది. 'ఎండ్‌పాయింట్ స్టేటస్' ఇస్తే నాయకుడెవరో, ఎవరి దగ్గర ఎంత డేటా ఉందో, ఎవరైనా వెనకబడ్డారో తెలుస్తుంది.

ఒక సర్వరు చచ్చిపోయిందనుకో. చాలామందికి ముందు కొత్తది చేర్చాలనిపిస్తుంది. అక్కడే ఆగు. చనిపోయినదాన్ని తియ్యకుండా కొత్తదాన్ని చేరిస్తే సభ్యులు నలుగురవుతారు, మెజారిటీ మూడవుతుంది. బతికున్నవి రెండే. కొత్తదాని అడ్రసు తప్పు రాసి అది లేవకపోతే పనంతా ఆగిపోతుంది. పోనీ దాన్ని తీసేద్దామన్నా, తియ్యడానికి కూడా మెజారిటీ కావాలి! అందుకని ముందు 'మెంబర్ లిస్ట్' చూసి, చనిపోయినదాని నంబరు పట్టుకుని 'మెంబర్ రిమూవ్' చెయ్యి. సభ్యులు ఇద్దరు, మెజారిటీ రెండు, ఉన్నవి రెండు. ఆ తర్వాత 'మెంబర్ యాడ్'. ఇప్పుడు కొత్తది లేవకపోయినా పాత రెండూ పని నడిపిస్తాయి. చేసేవి అవే రెండు పనులు, వరస మారితే ఫలితం మారిపోతుంది.

ఇంకో సంగతి. ఎట్‌సీడీ కొత్త విలువ రాసినా పాతదాన్ని చెరిపెయ్యదు, చరిత్రగా ఉంచుకుంటుంది. దాని డేటాకు మామూలు హద్దు 2 జీబీ. అది నిండితే అలారం మోగించి కొత్త రాతలు ఆపేస్తుంది. చదవడం, తొలగించడం మాత్రం సాగుతాయి. అప్పుడు 'కాంపాక్ట్'తో పాత చరిత్ర తీసెయ్యి, 'డీఫ్రాగ్'తో ఖాళీ అయిన చోటును డిస్కుకు తిరిగివ్వు, చివరికి 'అలారం డిజార్మ్' చెయ్యి. డీఫ్రాగ్ జరిగినంతసేపూ ఆ సర్వరు జవాబివ్వదు. కాబట్టి ఒకదాని తర్వాత ఒకటి, నాయకుణ్ణి ఆఖరున.

మూడు నకళ్ళున్నాయి కదా, వేరే కాపీ ఎందుకని అనుకోకు. నువ్వు పొరపాటున ఒక కీ తొలగిస్తే మెజారిటీ ఆ పొరపాటును కూడా అంతే శ్రద్ధగా రాసుకుంటుంది. మూడు చోట్లా పోతుంది. అందుకే 'స్నాప్‌షాట్ సేవ్'తో రోజూ కాపీ తీసి వేరే యంత్రంలో దాచు. దాచి ఊరుకోకు. అప్పుడప్పుడూ ఆ స్నాప్‌షాట్‌తో పక్కన ఒక కొత్త ఎట్‌సీడీని లేపి, రెండు మూడు కీలు అడిగి చూడు. జవాబు సరిగ్గా వచ్చిందని కళ్ళారా చూశాకే దాన్ని నీ రక్షణ అనుకో.