అమ్మమ్మ యానాం వెళ్ళలేదు

పుదుచ్చేరి పట్టణంలో తట్టాంచావడి అనే పేట ఉన్నది. ఒక వైపు పారిశ్రామికవాడ, మరొక వైపు ఉద్యోగస్తుల ఇళ్ళు. అక్కడ ఒక అద్దె ఇంట్లో గత సంవత్సరం వరకు నలుగురు పెద్దలం, ఒక పసిపిల్ల కాపురం ఉండేవాళ్ళం. మా స్వస్థలం యానాం. పరిపాలనను బట్టి యానాం పుదుచ్చేరిలో భాగం; భాషను బట్టి, నీటిని బట్టి గోదావరి సీమలో భాగం. అల్లుడు ప్రభుత్వోద్యోగి కావడం వల్ల ఎనిమిది వందల కిలోమీటర్లకు పైబడిన దూరం దాటి ఇక్కడికి వచ్చి చేరాము.

గత సంవత్సరం నా భార్య మరణించింది. అప్పటికి మా మనుమరాలికి నాలుగేళ్ళు నిండలేదు. అంత్యక్రియలు ముగిసేవరకు పిల్లను పొరుగింటి వారి దగ్గర ఉంచాము. ఆ రాత్రి ఇంటికి వచ్చి అన్ని గదులూ వెతికి, "అమ్మమ్మ ఏది?" అని అడిగింది. మేము ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. చివరకు నేనే, "అమ్మమ్మ యానాం వెళ్ళింది తల్లీ" అన్నాను.

ఆ అబద్ధం అప్పటికి ఎంతో అనుకూలంగా కనిపించింది. పిల్ల ఏడవలేదు, మాకు సమాధానం చెప్పే బాధ తప్పింది. ఎనిమిది నెలలు గడిచాయి. అల్లుడు కార్యాలయం పని మీద యానాం వెళ్ళవలసి వచ్చి, ఒక సాయంకాలం పెట్టె సర్దుకుంటున్నాడు. పిల్ల పరుగున వచ్చి తండ్రి కాళ్ళను చుట్టేసుకున్నది.

"నాన్నా, యానాం వెళ్ళవద్దు! యానాం వెళ్ళినవాళ్ళు మళ్ళీ రారు" అని వెక్కి వెక్కి ఏడ్చింది.

దుఃఖం నుంచి పిల్లను కాపాడామని మేము అనుకున్నాము. నిజానికి ఆ దుఃఖాన్ని ఆమె ఒంటరిగా మోసేటట్లు చేశాము. పైగా మా సొంత ఊరి పేరునే ఆమెకు ఒక భయంగా మార్చివేశాము.

ఇది ఒక్క మా ఇంటి ఉదంతం కాదు. "ఊరికి వెళ్ళింది", "దేవుడి దగ్గరకు వెళ్ళింది", "నిద్రపోయింది" అనే మాటలు మన ఇళ్ళలో తరతరాలుగా ఉన్నవే. పిల్లలకు పుస్తకాలు కొనేటప్పుడు కూడా ఇదే మనసు పనిచేస్తుంది. కంటతడి పెట్టించే బొమ్మల పుస్తకాన్ని పక్కకు నెట్టి, నవ్వించేదానిని ఏరుకుంటాము. పసివయసులో ఏడుపు ఎందుకు అంటాము. ఈ ఆలోచన ఎంతవరకు సమంజసం?

పసివారి తర్కం

హంగరీ దేశపు మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు మరియా నాగీ 3 నుంచి 10 ఏళ్ళ వయసు గల 378 మంది పిల్లలను మరణం గురించి ప్రశ్నించి, తన పరిశీలనలను 1948లో ప్రకటించారు. ఐదేళ్ళ లోపు పిల్లలు మరణాన్ని ఒక ప్రయాణంగానో, ఒక నిద్రగానో ఊహించుకుంటారని ఆమె గమనించారు. పోయినవారు మరెక్కడో బ్రతుకుతూనే ఉన్నారని, తిరిగి రాగలరని వారి నమ్మకం. మరణం నుంచి మరలి రావడం లేదనీ, అది ప్రాణులన్నింటికీ తప్పదనీ, మరణించిన శరీరం ఏ పనీ చేయదనీ చాలామంది పిల్లలు ఐదు నుంచి ఏడేళ్ళ మధ్య గ్రహిస్తారని తరువాతి పరిశోధకులు తేల్చారు.

దీనిని బట్టి మన పొరపాటు ఎక్కడ ఉన్నదో స్పష్టమవుతుంది. పసివారు తమంతట తాము పడే భ్రమకే మనం "ఊరికి వెళ్ళింది", "నిద్రపోయింది" అని పెద్దల ముద్ర వేస్తున్నాము. నిద్రపోయినవారు లేవరని విన్న పిల్ల రాత్రి కన్ను మూయడానికి జంకితే ఆశ్చర్యమేముంది? ప్రయాణమైనవారు రారని గ్రహించిన పిల్ల తండ్రి కాళ్ళను పట్టుకోక ఏమి చేస్తుంది?

పిల్లల తర్కానికి మరొక గుణం ఉన్నది. కారణం ఎవరూ చెప్పకపోతే పిల్ల తానే ఒక కారణాన్ని కల్పించుకుంటుంది. తరచు ఆ కారణం తానే అవుతుంది. తన అల్లరి వల్లనే అమ్మమ్మ అలిగి వెళ్ళిందనుకుంటుంది. పెద్దల మౌనం పసివారికి నేరారోపణలా వినిపించే ప్రమాదం ఉన్నది.

భావాలను మాటలలో పెట్టడం వల్ల కలిగే మేలుకు కూడా ఆధారాలు ఉన్నాయి. మూడేళ్ళ వయసులో ఇంట్లో కోపతాపాలను, సంతోష విచారాలను గురించి ఎక్కువగా మాట్లాడుకున్న పిల్లలు ఆరేళ్ళు వచ్చేసరికి ఇతరుల మనోభావాలను మరింత చక్కగా పోల్చుకోగలిగారని జూడీ డన్, ఆమె సహచరులు 1991లో వెల్లడించారు. ఎదుటివారి కన్నీటిని అర్థం చేసుకునే విద్య ఇంటిలోనే మొదలవుతుందన్నమాట.

పెద్ద పక్షికి చెప్పిన నిజం

అమెరికాలో పసిపిల్లల కోసం ప్రసారమయ్యే "సెసమీ స్ట్రీట్" అనే టెలివిజన్ కార్యక్రమంలో దుకాణదారు హూపర్ పాత్రను ధరించిన విల్ లీ అనే నటుడు 1982 డిసెంబరులో మరణించాడు. హూపర్ పని మానుకున్నాడనో, మరొక ఊరికి మకాం మార్చాడనో చెప్పి సరిపెట్టడం నిర్మాతలకు సులభమే. వారు అందుకు ఇష్టపడలేదు. 1983 నవంబరు 24న ప్రసారమైన భాగంలో, పసివాడి మనసు గల బిగ్ బర్డ్ అనే పెద్ద పసుపుపచ్చని పక్షి తాను గీసిన బొమ్మను హూపర్‌కు ఇవ్వాలని వెతుకుతుంది. చుట్టూ ఉన్న పెద్దలు హూపర్ చనిపోయాడని, ఇక రాడని దానికి చెబుతారు. చెబుతూ వారూ కంటనీరు పెట్టుకుంటారు.

పుస్తకాలలోనూ ఇటువంటి సాహసం జరిగింది. బ్రిటిష్ రచయిత మైకేల్ రోసెన్ కుమారుడు 1999లో పద్దెనిమిదేళ్ళ వయసులో మెనింజైటిస్ వ్యాధితో మరణించాడు. ఆ దుఃఖం గురించి రోసెన్ రాసిన బొమ్మల పుస్తకం, క్వెంటిన్ బ్లేక్ చిత్రాలతో 2004లో వెలువడింది. మొదటి బొమ్మలో రచయిత పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ ఉంటాడు. అది నటన అని, లోపల ఉన్నది విచారమేనని పక్కనే ఒప్పుకుంటాడు. పెద్దల నవ్వు వెనుక ఏమున్నదో పిల్లలు పసిగడతారనే సత్యాన్ని ఆ ఒక్క పేజీ చెబుతున్నది.

ఇది పాశ్చాత్యుల నుంచి మనం కొత్తగా నేర్చుకోవలసిన విద్య కాదు. భాగవతంలోని ధ్రువుడు ఐదేళ్ళ బాలుడు. తండ్రి ఒడి దక్కక, సవతి తల్లి మాటలకు నొచ్చుకుని ఏడుస్తూ వచ్చిన కొడుకుతో సునీతి "ఏమీ లేదు, ఆడుకో" అనలేదు. తానూ కన్నీరు పెట్టుకున్నది. జరిగినది నిజమేనని ఒప్పుకుని, తరువాత దారి చూపింది. అలాగే పదిహేనవ శతాబ్దంలో అనంతామాత్యుడు భోజరాజీయంలో కూర్చిన ఆవు, పులి కథను ఎన్ని తరాల తెలుగు పిల్లలు గొంతు పూడుకుపోగా విన్నారో! దూడకు పాలిచ్చి వస్తానని పులికి మాట ఇచ్చిన ఆవు, దూడకు బుద్ధులు చెప్పి మృత్యువు ఎదుటకు నడచివెళ్ళే ఘట్టాన్ని మన పెద్దలు పసివారి నుంచి దాచలేదు.

సముద్రం నేర్పిన పాఠం

తట్టాంచావడికి సముద్రం కొద్ది కిలోమీటర్ల దూరమే. 2004 డిసెంబరు 26న సునామీ విరుచుకుపడినప్పుడు పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో సుమారు 600 మంది మరణించారు. ఎక్కువ నష్టం కారైకాల్‌కు జరిగింది. తీర గ్రామాలలో తల్లులకే మాట పెగలని రోజులవి.

ఆ మరుసటి సంవత్సరం, పుదుచ్చేరి పక్కనే ఉన్న ఆరోవిల్‌లోని ఉపాసన అనే సంస్థ మత్స్యకార స్త్రీల చేత మిగిలిపోయిన గుడ్డముక్కలతో వేలెడంత బొమ్మలు చేయించింది. వాటికి "సునామిక" అని పేరు. విపత్తు పేరునే బొమ్మకు పెట్టడం గమనించదగ్గ విషయం. బొమ్మలు అమ్మకానికి కావు, కానుకగా ఇవ్వడానికే. లక్షల సంఖ్యలో అవి దేశదేశాలకు వెళ్ళాయి. సునామిక కథను చెప్పే చిన్న పుస్తకం కూడా వెలువడి పలు భాషలలోకి వెళ్ళింది. పేరు పెట్టి చేతిలోకి తీసుకున్న దుఃఖాన్ని మరొకరి చేతికి అందించవచ్చు. విచారకరమైన బొమ్మల పుస్తకం చేసే పని కూడా అదే. అది పిల్లలో లేని దుఃఖాన్ని పుట్టించదు; ఉన్న దుఃఖాన్ని ఇద్దరు కలిసి చూసేటట్లు చేస్తుంది.

తిప్పేసిన పేజీ

మా ఇంట్లో ఆవు, పులి కథ బొమ్మల పుస్తకం ఒకటి ఉన్నది. ఆవు దూడను విడిచి వెళ్ళే పేజీ రాగానే మా అమ్మాయి రెండు కాగితాలు కలిపి తిప్పేసేది. తండ్రి ప్రయాణం నాటి గొడవ జరిగిన మరునాడు, పిల్ల ఆ కాగితాల మధ్య వేలు పెట్టి, "ఈ పేజీ నువ్వు చదవవేం అమ్మా? ఆవు యానాం వెళుతోందా?" అని అడిగింది.

మా అమ్మాయికి మాట రాలేదు. పిల్లను నా ఒడిలోకి తీసుకున్నాను.

"కాదు తల్లీ. అమ్మమ్మ కూడా యానాం వెళ్ళలేదు. అమ్మమ్మ చనిపోయింది. పెద్ద జబ్బు చేసింది. డాక్టర్లు ఎంతో ప్రయత్నించారు, నయం కాలేదు. చనిపోయినవాళ్ళు తిరిగి రారు. ఆ రోజు నీకు నేను అబద్ధం చెప్పాను."

కొంతసేపు ఆలోచించి, "మరి అమ్మమ్మకు అన్నం ఎవరు పెడుతున్నారు?" అన్నది.

"చనిపోయినవాళ్ళకు ఆకలి వేయదు. నొప్పి కూడా ఉండదు."

"నేను అల్లరి చేశాననా?"

"ఎవరి అల్లరి వల్లా ఎవరూ చనిపోరు తల్లీ."

అప్పుడు ఆ పేజీ చదివాము, తరువాత పుస్తకమంతా చదివాము. ఆవు సత్యసంధతకు మెచ్చి పులి దానిని వదిలిపెట్టిన బొమ్మను పిల్ల చాలాసేపు చూసింది. "ఆవును పులి వదిలిపెట్టింది. అమ్మమ్మను వదలలేదు" అన్నది. "అవునమ్మా, వదలలేదు" అన్నాను. ఎనిమిది నెలలలో మొదటిసారి ఆమె ముందు ఏడ్చాను. ఆమె కూడా ఏడ్చింది. తరువాత మంచినీళ్ళు అడిగి తాగి నిద్రపోయింది.

చదివి వినిపించేవారికి

ఇటువంటి పుస్తకాన్ని ముందుగా మీరు ఒంటరిగా చదువుకోండి. పిల్లను ఒడిలోనో పక్కనో కూర్చోబెట్టుకుని, మాట్లాడుకోవడానికి తీరిక ఉన్న వేళ చదవండి. "చనిపోవడం" అనే మాటను తప్పించుకోకండి. నీతి చెప్పడానికి తొందరపడకండి; ప్రశ్న వచ్చేవరకు ఆగి, అడిగినంతకే జవాబు చెప్పండి. అదే పేజీని పదిసార్లు చదవమంటే విసుగుపడకుండా చదవండి. మీకు ఏడుపు వస్తే అది ఎందుకో చెప్పండి. పిల్ల వల్ల కాదని చెప్పడం మరచిపోకండి. "నిన్ను చూసుకోవడానికి మేమున్నాము" అనే మాటతో పుస్తకం మూయండి.

అయితే దుఃఖం వేరు, భీతి వేరు. రక్తపాతంతో బెదిరించే కథలు, ఏ ఆసరా చూపకుండా ముగిసే కథలు పసివారికి తగవు. పిల్ల వద్దంటే బలవంతం కూడదు. వారాల తరబడి తిండి, నిద్ర, ఆట మానుకుంటే పుస్తకం చాలదు. వైద్యుని సలహా అవసరం.

మా అల్లుడు యానాం వెళ్ళి, చెప్పిన రోజుకే తిరిగి వచ్చాడు. అమ్మమ్మ సంవత్సరీకానికి అందరం యానాం వెళ్ళాము. దారి పొడవునా పిల్ల కిటికీ దగ్గరే కూర్చున్నది. గోదావరి ఒడ్డున దిగగానే నా చేయి పట్టుకుని, "తాతయ్యా, ఇక్కడికి వచ్చినవాళ్ళు మళ్ళీ ఇంటికి వెళతారు కదూ?" అని అడిగింది.

వెళతారని చెప్పాను. ఈసారి నేను చెప్పినది నిజం.