వార్తల్లో పదం: కోడి మశూచి

కోళ్లకు వైరస్ వల్ల వచ్చే చర్మవ్యాధి ఇది. ఇంగ్లిష్ పేరు ఫౌల్ పాక్స్. దోమకాటుతోనూ, పోట్లాటల్లో అయిన గాయాల గుండానూ సోకుతుంది. మనుషులకు అంటదు.

ఎలా గుర్తించాలి? ఈకలు లేని చోట్లు చూడాలి. తురాయి, తమ్మెలు, కనురెప్పలు, ముక్కు మొదలు దగ్గర తెల్లటి చిన్న బొబ్బలు లేస్తాయి. అవి పసుపు రంగుకు తిరిగి, చివరికి నల్లటి పెచ్చులు కడతాయి. ముక్కు తెరిచి లోపలా చూడాలి. నాలుక, గొంతు మీద పసుపు పొర పేరుకుంటే ప్రమాదం. ఊపిరాడక కోడి చనిపోవచ్చు.

ఈకలు రాలినంత మాత్రాన మశూచి కాదు. ఏటా పాత ఈకలు రాల్చే కోడికి ఆ చోటే పుల్లల్లాంటి కొత్త ఈకలు మొలుస్తాయి, గుడ్లు ఆగుతాయి. మలద్వారం చుట్టూ ఈకల మొదళ్లలో తెల్లటి గుడ్ల గుత్తులుంటే పేలు. కాళ్ల పొలుసులు పైకి లేచి గరుకెక్కితే వాటి కింద చేరిన నల్లి. ఎర్రనల్లులు పగలు గూటి సందుల్లో దాక్కుని రాత్రి రక్తం తాగుతాయి. అందుకే చీకటి పడ్డాక టార్చితో వెతకాలి.

మశూచి వైరస్‌ను చంపే మందు లేదు. పెచ్చులు గిల్లకూడదు, రాలిన వాటిలో వైరస్ నెలల తరబడి బతుకుతుంది. జబ్బు కోడిని వేరుచేసి, దోమలు లేకుండా చూస్తే చాలావరకు 3–4 వారాల్లో కోలుకుంటుంది. నివారణకు కోడిపిల్లలకు 6–8 వారాల వయసులో రెక్క పొరలో టీకా గుచ్చుతారు.

తురాయి నీలంగా మారి, కోళ్లు ఉన్నట్టుండి వరుసగా చనిపోతుంటే బర్డ్ ఫ్లూ కావచ్చు. కళేబరాలను ముట్టుకోకుండా వెంటనే పశువైద్యుడికి చెప్పాలి.