తగరం పోసేటాయన చెప్పిన వరుస

రా బిడ్డా, ఆ మందు కొట్టే పంపు ఇటు తే. స్విచ్ కాడ ఊడిన వైరును నిన్న నువ్వే అతికించినవు, ఇయ్యాల పత్తి చేన్ల రెండు సాళ్లు కొట్టంగనే మళ్ల ఊడిందంటివి. చూడు, లెడ్డు ఎట్ల కూసున్నదో! తామరాకు మీద నీటిబొట్టు లెక్క గుండ్రంగ ఉన్నది. పైన కూసున్నది గని రాగిని పట్టుకోలేదు.

మా చిన్నప్పుడు కలాయి పోసేటాయన ఊర్లకు వచ్చేటోడు. చింతచెట్టు కింద గుంత తవ్వి, తోలుతిత్తితోటి బొగ్గులు రాజేసేటోడు. మా అమ్మ ఇత్తడి గిన్నెలన్నీ మోసుకపోయేది. గిన్నె మంచిగ కాగినంక నవాసాగరం చల్లితే తెల్లటి పొగ లేచేది. అప్పుడు ఇంత తగరం ముక్క తాకించి దూదితోటి గిర్రున తిప్పేటోడు. గిన్నె లోపలంత వెండి లెక్క మెరిసేది! నేను తొందరపడి తగరం ముందే వెయ్యమంటే, "ముందు గిన్నె కాగాలె కొడుకా" అన్నడు. నిప్పు గిన్నెను కాల్చాలె, గిన్నె తగరాన్ని కరగబెట్టాలె. నువ్వు నిన్న తప్పింది ఆ వరుసనే. లెడ్డును సోల్డరింగ్ ఐరన్ బిట్టు మీద కరగబెట్టి సల్లని వైరు మీద చుక్క వేసినవు. బిట్టుతోటి వైరును, రేకును రెండింటినీ ఒక్కసారే తాకు. రెండు మూడు లెక్కపెట్టు. అప్పుడు లెడ్డు తీగను బిట్టుకు కాదు, వైరుకు తాకించు. ఎండిన నేలల వాన నీళ్లు ఇంకినట్టు సందుల్లకు అదే పారుతది.

మరి నవాసాగరం ఎందుకంటవా? చింతపండు ఎందుకు పెట్టి తోముతరు చెంబును? పైన పట్టిన నల్లటి చిలుము పోవాలని. చిలుము ఉంటే తగరం అంటదు. అయితే వైర్లకు నవాసాగరం వాడొద్దు, అది రాగిని తినేస్తది. దాని బదులు లెడ్డు తీగ నడుమ సన్నగ రోజిన్ నింపి ఉంటది, పైన్ చెట్టు జిగురు నుంచి వచ్చింది. ఆ పొగ మొఖానికి తగలనియ్యకు. మానుకోట మిరపకాయలు వేయించేటప్పుడు పక్కకు జరుగుతం కదా, అట్ల జరుగు.

ఇంకో వింత చెప్త. తగరం 232 డిగ్రీల కాడ కరుగుతది, సీసం 327 కాడ. 63 పాళ్లు తగరం, 37 పాళ్లు సీసం కలిపితే 183 కాడనే కరుగుతది! కుల్ఫీ బండాయన ఐసుల ఉప్పు వేస్తడు చూడు, కలిసినంక ఆ ఐసు సున్నా కంటె కిందనే కరుగుతది. అదే సంగతి.

ఇగ ఏ ఐరన్ కొనాలె? పెనాన్ని తలుసుకో. పల్చటి పెనం మీద పిండి పోస్తే చప్పున సల్లబడి దోసె అంటుకుంటది. మందపు పెనం వేడిని పట్టి ఉంచుతది. రేడియో, చిన్న బోర్డులకు 25 వాట్లది చాలు. లావు వైర్లకు 60 వాట్లది కావాలె, లేకుంటె ఆ రాగే వేడినంత గుంజుకుంటది. పెనానికి నూనె రాసినట్టు, బిట్టు కొసకు ఎప్పుడూ కొంచెం లెడ్డు పూసి ఉంచు. పని నడుమ తడి స్పాంజికి తుడువు. కొస నల్లబడితే వేడి దిగదు.

మన జనగామ పక్కన పెంబర్తిల ఇత్తడి రేకు కొట్టేటోళ్లను చూపిస్త ఒకనాడు. కాకతీయుల కాలం నుంచి వస్తున్న పని అది, 2010ల జీఐ గుర్తింపు కూడ వచ్చింది. లోహాన్ని మెత్తగ చేసేది వేడేనని వాళ్లకు చేతులే చెప్తయి. కలాయి ఆయన బొగ్గు చింతచెట్టు కింద మండేది. ఇప్పుడు భూపాలపల్లి దిక్కు చెల్పూరు కరెంటు ప్లాంటుల మండుతది, కరెంటు తీగల మీద నడిచొచ్చి నీ బిట్టు కొసన కూసుంటది. నాకు ఇది తలుసుకుంటెనే సంబురం!

సరే, ముందు పంపు బ్యాటరీ విప్పు. పాత లెడ్డు గీకు. ఐరన్‌ను స్టాండు మీద పెట్టు, బట్టల మీద కాదు. అతుకు వేసినంక అది గట్టిపడేదాక వైరు కదపకు. కదిలితే లోపల బీటలు పడుతది. మెరుస్తూ, అంచుల కాడ పల్చగ పారి ఉంటే మంచిగ పట్టినట్టు.

అన్నానికి కూసునే ముందు చేతులు సబ్బుతోటి కడుక్కో బిడ్డా, అండ్ల సీసం ఉంటది.