రాజు రైలు ఎన్నడొచ్చింది? ముచ్చట కాదు, తారీఖు కావాలె

నిజామాబాద్ స్టేషన్ ముంగట చాయ్ తాగుకుంట కూసుంటే ఎవరో ఒకరు ముచ్చట తీస్తరు. "నిజాం రాజు రైల్ల వచ్చిండు, గందుకే ఇందూరు పేరు నిజామాబాద్ అయింది" అని. బోధన్ దిక్కు పోతే ఇంకో ముచ్చట. "చక్కెర ఫ్యాక్టరీ సూడనీకి రాజు స్పెషల్ రైల్ల శక్కర్‌నగర్‌కు వచ్చిండు" అని. ఇసొంటియే ఫోన్లల్ల కూడ తిరుగుతయి. తారీఖు ఉండదు, ఏ నిజామో ఉండదు. వినడానికి మంచిగనే ఉంటయి. కని నిజమో కాదో ఎట్ల తెలుసుకోవాలె? పెద్ద చదువు అక్కర లేదు. నాలుగు సంగతులు తెలిస్తే మనమే పరీక్ష పెట్టొచ్చు.

మొదటి పరీక్ష: ఏ నిజాం?

ఇందూరు నిజామాబాద్ అయింది 1905ల. అప్పుడు గద్దె మీద ఉన్నది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్. మనందరికి ఎరుకైన ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కింది 1911 ఆగస్టుల. అంటే ఉస్మాన్ అలీ ఖాన్ రైలు దిగితే ఊరికి పేరు పెట్టిండ్రనే మాట అక్కడ్నే తేలిపోతది.

ఇంకొకటి సూడుండ్రి. రైలు లైను 1905లనే పడ్డదని మస్తు మంది రాస్తరు. కని సికింద్రాబాద్ నుంచి మన ఊరి మీదికెళ్లి నాందేడ్, ఔరంగాబాద్ దాటి మన్మాడ్ పోయే లైను 1900 చుట్టుపక్కలనే తెరిచిండ్రు. అంటే రైలు ముందుగాల, పేరు తర్వాత. రెండింటిని ఒక్క ఏడాదికి గుంజి కట్టడంతోని కథ సక్కగైంది, చరిత్ర వంకరైంది.

రెండో పరీక్ష: ఏ పట్టా?

ఇది చానా మందికి తట్టని సంగతి. వాడి నుంచి సికింద్రాబాద్‌కు 1874ల వచ్చిన లైను బ్రాడ్‌గేజ్. పట్టాల మధ్య 1676 మిల్లీమీటర్లు. మన మన్మాడ్ లైను మీటర్‌గేజ్. 1000 మిల్లీమీటర్లే. రాజుల కోసం కట్టిన రైలు పెట్టెను సెలూన్ అంటరు. వాడి తొవ్వల నడిచే బ్రాడ్‌గేజ్ సెలూన్ మన లైను మీదికి ఎక్కనే ఎక్కదు. ఇటు రావాలంటే మీటర్‌గేజ్‌కు కట్టిన పెట్టెనే కావాలె.

గందుకే ఎవరన్న పాత ఫొటో పెట్టి "ఇదే నిజామాబాద్‌కు వచ్చిన రాజు రైలు" అంటే, ముందుగాల చక్రాల దిక్కు సూడు. ఆ పెట్టె ఏ గేజ్‌దో అడుగు. మన దగ్గర లైను వెడల్పయింది శానా పాత ముచ్చటేం కాదు. మీటర్‌గేజ్ బండి ఎక్కినోళ్లు మీ ఇంట్లనే ఉంటరు. వాళ్లకు ఫొటో సూపెట్టినా చెప్తరు.

మూడో పరీక్ష: ఏ సంవత్సరం?

నిజాం కాగితాల మీద ఇంగ్లీషు సంవత్సరమే ఉండాలని లేదు. సర్కారు లెక్కలల్ల ఫస్లీ నడిచేది. ఫర్మానాల మీద హిజ్రీ కనవడ్తది. ఫస్లీ ఏడాది అక్టోబర్‌ల, ఆజుర్ నెలతోని మొదలైతది. దానికి 590 కలిపితే అది మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తది. 1346 ఫస్లీ అంటే 1936 అక్టోబర్ నుంచి 1937 అక్టోబర్ దాకా.

ఇప్పుడు ఒక కాగితం మీద 1356 అని ఉన్నదనుకో. అది హిజ్రీ అయితే 1937 మార్చిల మొదలైన ఏడాది. బోధన్ ఫ్యాక్టరీ పెట్టిన కాలం. అదే ఫస్లీ అయితే 1946-47. ఫ్యాక్టరీ పెట్టి పదేండ్లయింది, తెలంగాణల రైతాంగ పోరాటం నడుస్తున్నది. ఒక్క అంకె, రెండు లెక్కలు, నడుమ పదేండ్ల తేడా. గిది సూస్కోకుంటే రాజు వచ్చింది ఎందుకో కూడ తప్పు చెప్తం.

నాలుగో పరీక్ష: కాగితం ఎక్కడున్నది?

రాజు బయలెల్లితే దాన్ని దౌరా అనేటోళ్లు. అది ఊకెనే జరిగేది కాదు. స్పెషల్ రైలుకు టైం కట్టాలె, వేరే బండ్లు ఆపాలె, స్టేషన్ సింగారించాలె, పోలీసులను పెట్టాలె. ప్రతి దానికి ఒక హుకుం, ఒక ఖర్చు లెక్క ఉంటది. ఇసొంటి కాగితాలు వెతకాలంటే హైదరాబాద్ తార్నాకలున్న స్టేట్ ఆర్కైవ్స్‌కు పోవాలె. సర్కారు గెజిట్‌ను అప్పుడు జరీదా అనేటోళ్లు. అది కూడ సూడాలె.

తెలుగుల కావాలంటే సురవరం ప్రతాపరెడ్డి 1926ల పెట్టిన గోలకొండ పత్రిక ఉన్నది. బాగ్‌లింగంపల్లిల సుందరయ్య విజ్ఞాన కేంద్రంల పాత పుస్తకాలు, పాత పత్రికలు, ఉర్దూ గ్రంథాలయం ఉన్నయి. కాగితాలు చానా మట్టుకు ఉర్దూలనే ఉంటయి కదా అని ఎన్కకు జరగొద్దు. బోధన్‌ల, నిజామాబాద్‌ల ఉర్దూ చదివే చాచాలు గల్లీకొకరున్నరు. పక్కన కూసోని చదివించుకుంటే రెండిండ్ల నడుమ దోస్తానా కూడ అయితది.

కాగితంల లేనిది ఎవరు చెప్తరు?

కాగితంల రాజు ఉంటడు, నవాబులుంటరు, ఇంజనీర్లుంటరు. ఆ రైలు కోసం తొవ్వ సాఫ్ చేసినోళ్లు ఉండరు. ఆ కాలంల పెద్ద ఆఫీసర్ దౌరాకు వస్తున్నడంటేనే ఊర్లె వెట్టి తప్పకపోయేది. కట్టెలు, నీళ్లు, గడ్డి, సామాన్ల మోత, అన్నీ పైస లేకుంటనే. ఆఫీసర్‌కే గంత ఉంటే, రాజు రైలొచ్చే దినం పట్టాల పక్కనున్న ఊర్లకు పనెంత పడ్డది? గిది మనం అడగాల్సిన సవాలు. దీనికి జవాబు సగం లెక్క పుస్తకాలల్ల, సగం మన తాతల నోట్ల ఉంటది.

గిదంతా ఎందుకు?

నిజాంసాగర్ పని 1923ల మొదలై 1931ల అయిపోయింది. ఆ కాలువ నీళ్లతోని చెరుకు పెరిగింది. చెరుకు కొట్టినంక ఒకటి రెండు దినాలల్ల గానుగ పడకపోతే తీపి తగ్గుతది. గందుకే ఫ్యాక్టరీ చెరుకు కాడికే రావాలె. యంత్రాలు రావాలె, చక్కెర బస్తాలు పోవాలె, దానికి రైలు కావాలె. జానకంపేట కాడ చీలి బోధన్ పోయే లైను గిట్ల అక్కెరకొచ్చింది. నీళ్లు, చెరుకు, రైలు మూడు కలిస్తే 1937ల నిజాం షుగర్ ఫ్యాక్టరీ నిలవడ్డది. ఆసియాలనే పెద్దదని పేరు పడ్డది. 2002ల 51 శాతం వాటా ప్రైవేటోళ్లకు పోయింది. 2015 డిసెంబర్‌ల గేటుకు తాళం పడ్డది.

ఎలక్షన్ వచ్చినప్పుడల్ల "మళ్ల తెరుస్తం" అనే మాట వింటున్నం. "ఇది మా సొమ్ము, మా చెమట" అని మనం అడిగేటప్పుడు చేతుల ఏమున్నది? తారీఖు లేని ముచ్చట పట్టుకొని పోతే ఎదుటోడు నవ్వి పంపిస్తడు. ఏ ఏడాది ఎవరి భూమిల కాలువ పోయింది, ఎవరు పట్టాలేసిండ్రు, ఎవరు చెరుకు పోసిండ్రు అని చూపెడ్తే నవ్వలేడు.

తమ్ముడూ, చెల్లె, ఈ ఆదివారం ఒక పని చెయ్యుండ్రి. మీ ఊర్లె ఫ్యాక్టరీల చేసిన తాతనో, రైలు పట్టాల మీద గ్యాంగ్ పని చేసిన పెద్దమనిషినో పట్టుకోండ్రి. ఫోన్ల రికార్డు పెట్టండ్రి. "రాజు రైలు సూసినవా" అని మాత్రమే అడగకండ్రి. "నీకు అప్పుడు ఎన్నేండ్లు? పంట ఏమున్నది? వాన కాలమా, ఎండ కాలమా? ఆ దినం మీ నాయిన ఏడున్నడు?" అని అడగండ్రి. అట్ల అడిగితేనే తారీఖు దగ్గరికి పోతం. ఆర్కైవ్స్‌ల కాగితం ఇంకో పదేండ్లయినా ఉంటది. తాత ఉంటడో లేదో ఎవరికి ఎరుక?