పుచ్చిన మ్రానులోని మల్లుడు

కీటకలోకమున కుస్తీకి పెట్టినది పేరు దుప్పికొమ్ముల పెంకుపురుగు. శిరస్సునుండి పాయలై ముందుకు సాగిన దాని ఆయుధములను కొమ్ములని భ్రమించుట సహజము. అవి కొమ్ములు కావు, దవడలు. మగపురుగునందు మాత్రమే అవి అంతగా పెరుగును.

ఈ కుటుంబమున భారీ జాతులు పెక్కు ఉష్ణమండల ఆసియా అడవులలోనే కలవు. భారతదేశము మొదలుకొని ఇండొనీషియా దీవులవరకు కానవచ్చు జిరాఫా జాతియందు పెద్ద మగపురుగు దవడలతో కూడ సుమారు 12 సెంటీమీటర్ల పొడవుండును. దుప్పికొమ్ముల పురుగులలో దీనిని మించిన పొడవుగలది లేదు. చెట్టు గాయమునుండి స్రవించు రసముకడ రెండు మగపురుగులు తలపడినచో, ఒకటి రెండవదానిని దవడలతో నడుముపట్టి పైకెత్తి క్రింద పడవేయును. ఆడుదాని దవడలు పొట్టివి. కాని పుచ్చుకర్రను తొలిచి గ్రుడ్లుపెట్టుటకు తగిన గట్టిదనము కలవి.

విచిత్రమేమనగా, ఒకే జాతిలోని మగపురుగులన్నింటికి ఒకే తీరు దవడలుండవు. ఒడొంటోలాబిస్ ప్రజాతిలో కొన్నింటికి పొడుగైన వంపు దవడలు, కొన్నింటికి రంపపు పండ్లవంటి పొట్టి దవడలు కనబడును. ఈ భేదమునకు కారణమేమి?

ప్రౌఢదశకు వచ్చిన పెంకుపురుగు ఇక పెరుగదు. దాని పరిమాణము బాల్యమునందే నిర్ణయమగును. శిలీంధ్రములు సోకి మెత్తబడిన కర్రను తినుచు డింభకము నెలల తరబడి చీకటిలో గడపును; కొన్ని జాతులలో ఈ దశ ఏడాదికి మించును. తిండి పుష్కలముగా దొరికినది పెద్ద దేహమును, అంతకు మించిన పెద్ద దవడలను పొందును. కొరతపడినది చిన్నదిగనే వెలికి వచ్చును. ఇండొనీషియాకు చెందిన సైక్లోమేటస్ మెటాలిఫర్ జాతిపై 2011లో వెలువడిన పరిశోధన ఇందలి మర్మమును కొంత తెలిపినది. ప్యూపాగా మారబోవు మగ డింభకమునకు జువినైల్ హార్మోనువంటి ద్రవ్యమును అందించగా, దాని దవడలు మరింత పెరిగినవి. తిన్న తిండికి, పెరుగు దవడకు నడుమ ఈ హార్మోను వార్తాహరునివలె పనిచేయునని శాస్త్రజ్ఞుల అభిప్రాయము.

కావున ఈ మల్లుని వ్యాయామశాల పుచ్చిన దుంగయే. అడవిని శుభ్రపరచుచున్నామనుకొని పడిన మ్రానులన్నింటిని ఏరివేసినచో, పచ్చని చెట్లు నిలిచియున్నను ఈ పురుగునకు పుట్టుటకు చోటుండదు. దానితోపాటు పుచ్చుకర్రను తిరిగి మట్టిగా మార్చు పనియు కుంటుపడును.

ఉపాధ్యాయులు విద్యార్థులను అడవికి కొనిపోయినపుడు దారిలో పుచ్చిన దుంగ కనబడవచ్చును. దానిని తన్ని పగులగొట్టనీయక, ప్రక్కన కూర్చుండబెట్టి ఈ కథ చెప్పుడు. చచ్చిన చెట్టు కూడ అడవిలో భాగమేనని వారికి తెలియును.