బంగారు వన్నె చేపకు గాలం: ఐసు ఎంతో వేట అంతే

విశాఖపట్నం, పూడిమడక తీరాల నుంచి గాలాలతో లోపలి సముద్రానికి వెళ్లే పడవలకు సూర చేపలతో పాటు ఒక్కోసారి ఒక అందమైన చేప చిక్కుతుంది. వీపు నీలం, ఆకుపచ్చ. పక్కలు మేలిమి బంగారం. పడవలోకి లాగి చంపిన కొద్దిసేపటికే ఆ రంగులన్నీ వెలిసిపోతాయి. ఇదే మహి మహి. ఈ పేరు హవాయి దీవుల వారిది. చాలా బలమైనదని అర్థం.

ఇంగ్లీషులో దీన్ని డాల్ఫిన్ ఫిష్ అంటారు. పేరు విని పొరబడరాదు. డాల్ఫిన్ పిల్లలకు పాలిచ్చే జంతువు. దాన్ని వేటాడటం నేరం. మహి మహి మాత్రం మొప్పలున్న చేపే. మగదానికి నుదురు గోడలా నిట్టనిలువుగా ఉంటుంది. ఈ చేప ఏడాది తిరక్కుండానే గుడ్లు పెడుతుంది. నాలుగైదేళ్లకు మించి బతకడం అరుదు.

ఎక్కడ దొరుకుతుంది?

ఇది నీటి పైభాగంలో తిరిగే చేప. కొట్టుకొచ్చిన దుంగ, నాచు, తెగిన వల ముక్క, ఏది తేలుతున్నా దాని నీడన గుంపు చేరుతుంది. ఎగిరే చేపలంటే దీనికి ప్రాణం. అవి నీటి పైకి బెదిరి లేస్తున్నా, పక్షులు ఒకేచోట తిరుగుతున్నా అక్కడ గాలం వేయవచ్చు.

పడవను దుంగ మీదికి పోనిస్తే గుంపు చెదురుతుంది. కాస్త ఎడంగా, నెమ్మదిగా నడుపుతూ ఎరను దుంగ పక్కగా లాగాలి. కవళ్లు, కానాగడతలు మంచి ఎర. మొదటి చేప పడగానే పైకి లాగకుండా కాసేపు నీళ్లలోనే ఉంచితే మిగతావి దాని వెంటే పడవ దగ్గరకు వస్తాయి. అప్పుడు రెండో గాలం వేయాలి. అర మీటరు లోపు పిల్లలను వదిలేయడం రేపటి వేటకు మంచిది.

అసలు ప్రమాదం

ఈ చేపను ఎండలో పడేస్తే కండలో హిస్టమిన్ అనే పదార్థం పెరుగుతుంది. తిన్నవారికి కొద్దిసేపట్లోనే ముఖం ఎర్రబడటం, దురద, తలనొప్పి, వాంతులు రావచ్చు. ఎంత ఉడికించినా, వేయించినా అది పోదు. వాసన చూసి కనిపెట్టడమూ సాధ్యం కాదు. కాబట్టి చేపను చంపిన వెంటనే మొప్పలు, పేగులు తీసి, పొట్టలో ఐసు నింపి పెట్టెలో పెట్టాలి. కిలో చేపకు కిలో ఐసు లెక్కన తీసుకుపోవాలి.

బయలుదేరే ముందు

కొత్తవారు అనుభవమున్న సరంగు లేకుండా లోపలికి పోరాదు. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ చేపలుండే చోట్లను, అలల తీరును తెలియజేస్తుంది. వాతావరణ శాఖ హెచ్చరిక ఉంటే పడవ కదపరాదు. ప్రతి మనిషికీ లైఫ్ జాకెట్ ఉండాలి. ఆపదలో కోస్ట్‌గార్డ్ నంబరు 1554. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు యాంత్రిక, మోటారు పడవల వేటకు నిషేధం.

చేపలు ఇంకా పడుతున్నా, పెట్టెలో ఐసుకు చోటు లేకపోతే గాలం చుట్టేయడమే మంచి వేటగాడి పని. ఐసు లేని చేప డబ్బూ కాదు, కూరా కాదు.