డెబ్బైలో ఒకటిన్నర

మెదడు మన ఒంటి బరువులో 2 శాతమే, కానీ ఒళ్లు వాడుకునే ఆక్సిజన్‌లో 20 శాతం దానికే కావాలి. అక్కడికి రక్తం చేర్చే సన్నటి నాళాలు బీపీ వల్లో షుగర్ వల్లో పాడవుతూ వస్తే మతి తప్పుతుంది. అదే వాస్క్యులర్ డిమెన్షియా. దీనికి మొక్కల్లో మందుందా?

యూరప్‌లో చలికాలం చివర పూసే తెల్లపువ్వు స్నోడ్రాప్. ఆ జాతి మొక్కల దుంపల్లో దొరికిన గాలంటమైన్‌ను అమెరికా 2001లో అల్జీమర్స్‌కు అనుమతించింది. వాస్క్యులర్ డిమెన్షియాకూ పనికొస్తుందేమోనని 788 మంది రోగుల్ని రెండు జట్లు చేసి 26 వారాలు చూశారు. 2007లో ఫలితాలొచ్చాయి. జ్ఞాపకాన్ని, ఆలోచనను కొలిచే పరీక్షకు మొత్తం 70 పాయింట్లు. మందు వాడినవాళ్లు 1.8 మెరుగయ్యారు, ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్లు 0.3. తేడా ఒకటిన్నర. గణాంకాల లెక్కలో అది నిఖార్సైన తేడాయే. రోజువారీ పనుల్లో మాత్రం రెండు జట్లూ ఇంచుమించు ఒకటే. చొక్కా ఎవరు తొడగాలన్నది ఇంట్లోవాళ్ల బాధ; ఆ 70 పాయింట్లతో వాళ్లకేం పని?

ఇక గింకో చెట్టు ఆకుల సారం. 75 ఏళ్లు, ఆపైబడిన 3,069 మందికి అమెరికాలో ఆరేళ్లపాటు ఇచ్చి చూశారు, డిమెన్షియా రాకుండా ఆపుతుందేమోనని. గింకో తీసుకున్న 1,545 మందిలో 277 మందికి, తీసుకోని 1,524 మందిలో 246 మందికి వచ్చింది. ఆపలేదన్నమాట. పైగా రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు డాక్టరుకు చెప్పకుండా దీని జోలికి పోకూడదు.

మన సరస్వతి ఆకును ఇండోనేషియాలో పక్షవాతం వచ్చినవాళ్లకు ఆరు వారాలు ఇచ్చారు. కాసేపాగి అడిగితే గుర్తుతెచ్చుకోవడంలో ఫోలిక్ యాసిడ్ ఇచ్చినవాళ్ల కంటే మెరుగనిపించింది. మొత్తం మార్కుల్లో తేడా లేదు. మనుషులు 48 మందే. ఆశపడొచ్చు, సీసాలు కొనేంత కాదు.

ఇంతకంటే గట్టి లెక్క బీపీది. 9,361 మందితో చేసిన అమెరికా పరీక్షలో పై అంకెను 140 బదులు 120 లోపు ఉంచేందుకు మందులిస్తే, డిమెన్షియాకు ముందు మెట్టయిన మతిమరుపు 19 శాతం తగ్గింది. బీపీకి తొలినాళ్లలో వాడిన మందుల్లో ఒకటి రిసర్పిన్. దిగులు పుట్టిస్తుందని తర్వాత వెనక్కి వెళ్లింది గానీ, 1952లో దాన్ని తీసింది మన సర్పగంధి వేరు నుంచే.